ఫ్రైడే హార్బర్‌లో వీకెండ్: ఫెర్రీ ఎక్కేముందు ఇది చదవండి

సియాటిల్ వైపు ఉండే మనవాళ్ళు శాన్ వాన్ ఐలాండ్ వెళ్ళొచ్చాం అంటే ప్రోగ్రాం ఏంటో అడక్కుండానే చెప్పేయొచ్చు, తిమింగలాల బోటు ఎక్కడం, లైట్‌హౌస్ దగ్గర ఫోటోలు, ఒక ఐస్‌క్రీం, సాయంత్రం ఫెర్రీకి వెనక్కి. బానే ఉంటుంది, కాదనను. కానీ ఊరు మాత్రం చూసినట్టు కాదు. ఫ్రైడే హార్బర్ అంటే ఆ దీవిలో ఫెర్రీ ఆగే, దాదాపు 2,600 మంది ఉండే ఊరు, శాన్ వాన్ కౌంటీ మొత్తానికి మున్సిపాలిటీ ఇదొక్కటే, ట్రాఫిక్ లైట్ అన్నది లేదు. శని, ఆదివారాల్లో అక్కడ జరిగేవి చాలామటుకు ఊరివాళ్ళు వాళ్ళ కోసం వాళ్ళు పెట్టుకున్నవే. మనం వెళ్తే ఎవరూ వద్దనరు, పైగా ఎక్కడినుంచి వచ్చారు అని కూర్చోబెట్టి మాట్లాడతారు. కాకపోతే ఎప్పుడు ఏది జరుగుతుందో తెలిసి వెళ్ళాలి, అందుకే ఇది రాస్తున్నా.

మొదట ఫెర్రీ సంగతి, ఎందుకంటే అక్కడ మీ టైంటేబుల్ మీ చేతిలో ఉండదు, ఫెర్రీ చేతిలో ఉంటుంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్ నుంచి ఆనకోర్టెస్ టెర్మినల్‌కి ట్రాఫిక్ లేకపోతే గంటన్నర, శుక్రవారం సాయంత్రమైతే ఎంతో దేవుడికే తెలియాలి. అక్కడినుంచి డైరెక్ట్ బోటైతే గంటా పది నిమిషాలు అటూఇటూ, మధ్యలో లోపెజ్, షా, ఆర్కస్ దీవుల్లో ఆగే బోటైతే ఇంకా ఎక్కువ. కారుతో వెళ్ళేటట్టయితే రిజర్వేషన్ చేసుకోండి. ఒకసారి చూసి ఫుల్ అయిపోయింది అని చాలామంది వదిలేస్తారు, అలా వదిలేయొద్దు. సీట్లన్నీ ఒకేసారి ఇవ్వరు, మూడు విడతల్లో ఇస్తారు: సీజన్ మొదలవడానికి రెండు నెలల ముందు 30 శాతం, మీరు వెళ్ళే తేదీకి రెండు వారాల ముందు ఇంకో 30, రెండు రోజుల ముందు ఇంకో 30, రిలీజ్ చేసేది పొద్దున 7 గంటలకి. తత్కాల్ టికెట్లు కొట్టి పెరిగిన మనకి ఇది పెద్ద లెక్క కాదు. శనివారం ప్రయాణం అయితే గురువారం పొద్దున్నే ఏడింటికి ఫోన్ పట్టుకుని రెడీగా కూర్చోండి. అటునుంచి వెనక్కి వచ్చే బోటుకి కూడా అప్పుడే చేసేయండి, చాలామంది వెళ్ళేది మాత్రమే చేసుకుని ఆదివారం సాయంత్రం లైన్లో కూర్చుంటారు. డబ్బులు మాత్రం ఆనకోర్టెస్‌లో ఎక్కేటప్పుడే తీసుకుంటారు, తిరిగొచ్చేటప్పుడు టికెట్ లేదు.

అసలు ఊరి కార్యక్రమాల కోసమే వెళ్తుంటే కారు ఆనకోర్టెస్ పార్కింగ్‌లో డబ్బులు కట్టి వదిలేసి నడిచి ఎక్కేయడమే నయం అని నా అభిప్రాయం. నడిచి ఎక్కేవాళ్ళకి రిజర్వేషన్ అక్కర్లేదు, 18 ఏళ్ళు, అంతకంటే తక్కువ ఉన్న పిల్లలకి టికెట్టే లేదు. దిగగానే ఊరు, మార్కెట్టు, మ్యూజియం, థియేటరు అన్నీ నడిచి వెళ్ళిపోయే దూరమే. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉండి మోకాళ్ళ నొప్పులంటే మాత్రం కారు తీసుకెళ్ళండి, రేవు దగ్గరినుంచి ఊళ్ళోకి కొంచెం ఎత్తు ఎక్కాలి. వీసా మీద ఉన్నవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతుంటారు కదా, బోర్డర్ దాటుతామా అని, దాటం, ఇది వాషింగ్టన్ స్టేట్ లోపలే. ఐడీ మాత్రం దగ్గర పెట్టుకోండి, ఎక్కడికెళ్ళినా పెట్టుకోవాల్సిందే కదా.

బోటు ఎక్కాక అందరూ ముందు డెక్ మీదకి పరిగెడతారు, పది నిమిషాల్లో చలిగాలికి లోపలికొచ్చేస్తారు. లోపల కిటికీల పక్కన టేబుళ్ళ మీద జిగ్‌సా పజిళ్ళు సగం పేర్చి ఉంటాయి చూడండి. అవి ఎవరివీ కావు. పొద్దున బోట్లో ఎవరో అంచులు పేర్చి దిగిపోతారు, తర్వాత వచ్చినవాళ్ళు ఆకాశం ముక్కలు వెతుకుతారు, ఇలా రోజంతా నడుస్తూనే ఉంటుంది. పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టేయండి. పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుని ఆ నీలం ముక్క ఇటివ్వమ్మా అన్నట్టు చెయ్యి చాపుతుంది, మాటలు కలుస్తాయి, ఈ వారం ఊళ్ళో ఏముంది అని ఆవిడనే అడిగేయండి. ఏ వెబ్‌సైట్ కంటే మంచి సమాచారం అక్కడే దొరుకుతుంది.

శనివారం మొదటి పని ఫార్మర్స్ మార్కెట్. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా నికోల్స్ స్ట్రీట్‌లో బ్రిక్‌వర్క్స్ అనే పాత ఇటుకల బిల్డింగ్ దగ్గర పెడతారు, తొమ్మిదిన్నరకి మొదలై ఒంటిగంటకల్లా సర్దేస్తారు. కాబట్టి పొద్దున బోటు పట్టుకోకపోతే ఇది పోయినట్టే. ఇంకో మాట, ఆర్కస్‌లో మార్కెట్టూ శనివారమే, లోపెజ్‌లోదీ శనివారమే, మూడూ చుట్టేద్దాం అని ప్లాన్ వేయకండి, ఒక్కటి పెట్టుకోండి.

మార్కెట్లో బేరాలు ఉండవు, ఆడకండి కూడా, అమ్మేది పండించినవాళ్ళే. మే, జూన్‌లో ఆకుకూరలు, జులై, ఆగస్టులో బెర్రీలు, సెప్టెంబర్‌కి ఆపిల్స్, గుమ్మడికాయలు, ఇలా నెలని బట్టి బల్లల రంగు మారిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళని ముందు పెట్టండి, నేను చూసినంతలో ఇంగ్లీష్ రాకపోయినా వాళ్ళ దగ్గరే మాటలు ఎక్కువ నడుస్తాయి. తోటకూరకి చుట్టం లాంటి ఆకు ఒకటి కట్టలు కట్టి పెట్టారు ఒక బల్ల మీద, మా అత్తయ్యగారు దాన్ని తిప్పి కాడ గోటితో గిల్లి చూశారు, ముదిరిందా లేతా అని. ఆ అమ్మాయి అది చూసి నవ్వి కింద డబ్బాలోంచి లేత కట్ట తీసిచ్చింది, దీంతో మీరేం వండుతారు అని అడిగింది, ఇక పప్పు ఎలా చేయాలో చేతులతోనే చెప్పేశారు. కొంత క్యాష్ ఉంచుకోండి, కార్డ్ మెషీన్ అన్ని బల్లల దగ్గరా ఉండకపోవచ్చు. సంచి మనదే తీసుకెళ్ళాలి.

ఇక ఊళ్ళో ఈ వారం ఏం జరుగుతోంది అని తెలుసుకోవడం ఎలా అంటే, బుధవారం వచ్చే వారపత్రిక ఉంది, ద జర్నల్ ఆఫ్ ద శాన్ వాన్ ఐలాండ్స్, ఆన్‌లైన్‌లో కూడా ఉంటుంది, శాన్ వాన్ అప్‌డేట్ అని ఇంకోటి ఉంది, అందులో అయితే తప్పిపోయిన పిల్లి దగ్గరినుంచి పాటకచ్చేరీ దాకా అన్నీ వేస్తారు. ఊళ్ళో దిగాక నోటీస్ బోర్డులు చూడండి, లైబ్రరీలో అడగండి. ముఖ్యంగా రెండు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒకటి శాన్ వాన్ కమ్యూనిటీ థియేటర్, అక్కడ నాటకాల్లో వేషాలు వేసేది ఎక్కువగా ఊరివాళ్ళే, పొద్దున మార్కెట్లో తేనె అమ్మినాయనే రాత్రికి రాజు వేషంలో కనబడొచ్చు. రెండోది గ్రేంజ్ హాల్, రైతుల సంఘం వాళ్ళ పాతకాలపు హాలు, డాన్సులు, పాటలు, కలిసి భోజనాలు అన్నీ అక్కడ జరుగుతుంటాయి. కాంట్రా డాన్స్ అని పోస్టర్ కనబడితే భయపడకుండా వెళ్ళండి, మైకులో ఒకాయన అడుగులు చెప్తుంటాడు, మన కోలాటంలో లాగే జతలు మారుతూ పోతాయి, తప్పు అడుగు వేస్తే పక్కవాళ్ళే భుజం పట్టి తిప్పేస్తారు.

పోస్టర్ మీద సజెస్టెడ్ డొనేషన్ అని ఉంటే కట్టాల్సిన పని లేదని కాదు, ఉన్నవాళ్ళు వేయాలని అర్థం, మనం ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం, డబ్బాలో వేసేయండి. పాట్‌లక్ అంటే తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినడం, అలా ఉంటే చేతులూపుకుంటూ వెళ్ళకండి. పులిహోర బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఉదయం కలిపింది సాయంత్రానికి ఇంకా బాగుంటుంది, వేడి చేయక్కర్లేదు, వీగన్లు కూడా తింటారు. కానీ ఒక చిన్న కాగితం మీద ఏమేం వేశారో రాసి గిన్నె ముందు పెట్టండి, వేరుశనగలు, జీడిపప్పు ఉన్నాయని పెద్దక్షరాల్లో రాయండి, నట్ ఎలర్జీ అక్కడ సీరియస్ విషయం. ఇంగువలో చాలా బ్రాండ్లు గోధుమపిండి కలుపుతాయి, అది కూడా రాయండి. ఎండుమిరపకాయలు ముందే ఏరేస్తే ఇంకా మంచిది, అదేదో అలంకారం అనుకుని కొరికేవాళ్ళుంటారు.

మధ్యాహ్నానికి వేల్ మ్యూజియం. 1979 నుంచి ఉంది, చిన్నదే, గంట చాలు, కానీ బోటు టూర్ కంటే ముందు ఇది చూస్తే తర్వాత నీళ్ళల్లో కనబడేది ఏంటో అర్థమవుతుంది. ఇక్కడి ఓర్కాలు, అంటే చేపలు తిని బతికే నలుపు తెలుపు కిల్లర్ వేల్స్, జె, కె, ఎల్ అని మూడు గుంపులు, అన్నీ కలిపి ఎనభై కూడా లేవు, ఒక్కోదానికి నంబరు, పేరు, అమ్మ ఎవరు, అమ్మమ్మ ఎవరు అన్నీ రాసి పెట్టారు. వీటికి కావాల్సిన చినూక్ సామన్ చేపలు తగ్గిపోయి ఇవి రావడం తగ్గింది, ఇప్పుడు కనబడేవి చాలాసార్లు సీల్స్‌ని తినే వేరే రకం ఓర్కాలు. 2025 నుంచి బోట్లు ఈ చేపలు తినే ఓర్కాలకి వెయ్యి గజాల దూరంలో ఉండాలని వాషింగ్టన్‌లో రూలు వచ్చింది, అందుకని నన్నడిగితే లైమ్ కిల్న్ పార్కులో ఒడ్డున బండమీద కూర్చుని చూడ్డమే మేలు, కారుకి డిస్కవర్ పాస్ (స్టేట్ పార్కుల్లో కారు పెట్టుకునే పాస్) ఉంటే చాలు. రాకపోతే రావు, అదృష్టం అనుకోవాలి.

పిల్లలతో ఖర్చులేని పని ఇంకోటి చెప్తా, రేవులో తేలే డాక్‌ల మీద బోర్లా పడుకుని చెక్కల అంచునుంచి నీళ్ళలోకి చూడటం. జెల్లీఫిష్‌లు తేలుతూ కనబడతాయి. అలాంటివాటినే 1961లో షిమోమురా అనే జపాన్ సైంటిస్టు ఇక్కడి యూనివర్సిటీ ల్యాబ్‌కి వచ్చి వలలతో పట్టాడు, వాటిలో మెరిసే ప్రొటీన్ కనిపెట్టాడు, 2008లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. ఇంట్లో బయాలజీ చదివే పిల్లలుంటే ఆ ప్రొటీన్ పేరు జీఎఫ్‌పీ అని చెప్పండి, ఎగిరి గంతేస్తారు. చిన్నపిల్లలకి మాత్రం చొక్కా పట్టుకుని ఉండండి, నీళ్ళు ఎండాకాలంలో కూడా గడ్డకట్టే చలి.

ఎండాకాలం శనివారాల్లో ఇంగ్లిష్ క్యాంప్‌కి వెళ్తే పాతకాలం బట్టల్లో వాలంటీర్లు కమ్మరి పని, వంటలు చేసి చూపిస్తుంటారు, జులై చివర్లో ఎన్‌క్యాంప్‌మెంట్ అని గుడారాలు వేసి పెద్దగా చేస్తారు. దీని వెనక కథ పిల్లలకి బోట్లోనే చెప్పేయండి. 1859 జూన్‌లో ఒక అమెరికన్ రైతు తన బంగాళదుంపలు తవ్వేస్తోందని బ్రిటిష్ కంపెనీవాళ్ళ పందిని కాల్చేశాడు. ఆ దీవి మాదంటే మాదని రెండు దేశాలు సైన్యాలు దింపాయి, ఒకళ్ళ మీద ఒకళ్ళు మాత్రం కాల్పులు జరపలేదు, పన్నెండేళ్ళు చెరో మూలా క్యాంపు వేసుకుని ఉన్నారు, చివరికి 1872లో జర్మనీ చక్రవర్తి పంచాయితీ చేసి అమెరికాకి ఇచ్చాడు. చచ్చింది పంది ఒక్కటే. మన ఊళ్ళల్లో గట్టు తగాదాలు ఇంతకంటే ఘోరంగా జరుగుతాయి. దక్షిణం వైపు అమెరికన్ క్యాంప్‌లో నక్కలు దగ్గరికొస్తాయి, ఎంత ముద్దొచ్చినా బిస్కెట్లు వేయకండి.

పెద్ద వీకెండ్లు రెండు. జులై 4న స్ప్రింగ్ స్ట్రీట్‌లో పరేడ్, తర్వాత హిస్టారికల్ మ్యూజియం దగ్గర పిగ్ వార్ పిక్నిక్, రాత్రి బాణాసంచా. బావుంటుంది కానీ రూం నెలల ముందే బుక్ చేసుకున్నవాళ్ళకి మాత్రమే. ఆగస్టు మధ్యలో కౌంటీ ఫెయిర్, నాలుగు రోజులు, శనివారంతో ముగుస్తుంది. నేనైతే దీనికే ఓటేస్తా. పిల్లలు వాళ్ళు పెంచిన మేకల్ని, కుందేళ్ళని తెచ్చి జడ్జిల ముందు నిలబెడతారు, టమాటాలకీ జామ్ సీసాలకీ రిబ్బన్లు ఇస్తారు, చెత్తలో పారేసేవాటితో కుట్టిన బట్టలతో ఫ్యాషన్ షో ఉంటుంది. మన సంక్రాంతికి ఎడ్ల అందాల పోటీలు చూసినవాళ్ళకి ఆ మేక మెడ నిమురుతూ నిలబడ్డ పిల్లాడి టెన్షన్ బాగా అర్థమవుతుంది.

సాయంత్రం కారుంటే దీవి ఇంకో కొసన ఉన్న రోష్ హార్బర్ అనే రేవుకి వెళ్ళండి. ఎండాకాలంలో రోజూ సూర్యాస్తమయానికి గీతాలు వాయిస్తూ జెండాలు ఒక్కొక్కటే దించి ఫిరంగి పేలుస్తారు, చంటిపిల్లలుంటే చెవులు మూయండి. పడమటి వైపు వెళ్ళేముందు ఫోన్లో రోమింగ్ ఆఫ్ చేసుకోండి, ఎదురుగా కనబడేది కెనడా, అక్కడి టవర్ పట్టేసి వెల్కమ్ టు కెనడా అని మెసేజ్ వస్తుంది, తర్వాత బిల్లు కూడా వస్తుంది.

భోజనం సంగతి, వెజిటేరియన్లకి పిజ్జా, సలాడ్ తప్ప పెద్దగా ఆశ పెట్టుకోకండి, వంటిళ్ళు కూడా రాత్రి తొందరగా మూసేస్తారు. పెరుగన్నం, ఆవకాయ డబ్బా వెంట ఉంటే ధైర్యం. ఆదివారం ఊరు లేటుగా లేస్తుంది, అందుకని థియేటర్లో మ్యాటినీ ఉందేమో చూసుకుని, లేకపోతే పుస్తకాల షాపుల్లో తిరిగి మధ్యాహ్నం బోటుకి వచ్చేయడం మంచిది. ఫెర్రీ వాళ్ళ అలర్టులకి ఫోన్లో సైన్ అప్ అయి ఉండండి, బోటు పాడై క్యాన్సిల్ అవడం మామూలే. రిజర్వేషన్ ఉన్నా గంట ముందు లైన్లో పెట్టేయండి కారు, పెట్టేసి తాళం వేసి ఊళ్ళో తిరగొచ్చు, లోడింగ్ మొదలయ్యే టైంకి మాత్రం డ్రైవర్ సీట్లో ఉండాలి.