పాత కట్టడాలు, పల్లె దృశ్యాలు: ఫొటోలో వచ్చే లోపాలు, వాటి మందు

ఒక్క రోజులో వెళ్లి వచ్చే ప్రయాణాల్లో తీసిన ఫొటోల్లో లోపం ఇంటికొచ్చాక బయటపడితే చేసేదేమీ ఉండదు. అందుకే అక్కడే, తెర మీద పెద్దది చేసి చూసుకోవాలి. రంగులు, వెలుగునీడలు కొంతవరకు సాఫ్ట్‌వేర్‌తో సర్దుకోవచ్చు. నిలబడిన చోటును, ఎండ వచ్చిన దిక్కును మాత్రం తర్వాత ఎవరూ మార్చలేరు.

గోడలు వెనక్కి వాలినట్టు, కట్టడం పైకి సన్నబడినట్టు ఉంది

శిఖరం దాకా పట్టించాలని కెమెరాను పైకెత్తడమే కారణం. సెన్సర్ (కెమెరా లోపల వెలుతురును పట్టే పలక) గోడకు సమాంతరంగా లేకపోతే నిలువు గీతలు పైన ఒకదానివైపు ఒకటి ఒరుగుతాయి. ఇది లెన్స్ లోపం కాదు, కాబట్టి మామూలు లెన్స్ ఏది మార్చినా పోదు.

కెమెరాను నిటారుగా పట్టుకుని వెనక్కి నడవాలి. ఎంత దూరమంటే, 12 మీటర్ల ఎత్తున్న కట్టడాన్ని ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (సెన్సర్ 36×24 ఎంఎం ఉండేది) 24 ఎంఎం లెన్స్‌తో, కళ్ల ఎత్తు నుంచి తీస్తుంటే, కెమెరాను అడ్డంగా పడితే సుమారు 21 మీటర్లు, నిలువుగా పడితే 14 మీటర్లు సరిపోతుంది. కింద నేల ఎక్కువగా పడుతుంది, దాన్ని తర్వాత కత్తిరించండి. పిక్సెళ్లు కొన్ని పోయినా గోడలు తిన్నగా నిలుస్తాయి.

వెనక్కి పోయే చోటు లేకపోతే ఎదురుగా ఉన్న మెట్లో, గట్టో ఎక్కండి. అదీ కుదరనప్పుడే సాఫ్ట్‌వేర్. నిలువు గీతలు సరిచేసినప్పుడు పక్కల మూలలు కోతకు పోతాయి కాబట్టి, తీసేటప్పుడే కట్టడానికి రెండు వైపులా బాగా ఖాళీ వదలాలి. సవరణను పూర్తిగా లాగొద్దు. బాగా పైకెత్తి తీసిన ఫొటోలో గీతలన్నీ నూటికి నూరుపాళ్లు నిటారుగా చేస్తే కట్టడం తల బరువెక్కినట్టు కనిపిస్తుంది. కొద్దిపాటి వాలు వదిలేస్తేనే కంటికి సహజంగా ఉంటుంది.

ఇంకో సంగతి: పాత గోడలు నిజంగానే ఒరిగి ఉంటాయి. గోడ అంచును చూసి ఫ్రేము సరిచూసుకుంటే మొత్తం ఫొటోయే పక్కకు వాలుతుంది. కెమెరాలోని లెవెల్ గీతనే నమ్మండి.

చెక్కడాలు, పెచ్చులూడిన గార, ఇటుక వరుసలు చదునుగా ఉన్నాయి

ఎండ మీ వీపు వెనక నుంచి నేరుగా గోడ మీద పడుతోంది. నీడ లేనిచోట రాతి ఎత్తుపల్లాలు కనిపించవు. ఎండ గోడను రాసుకుంటూ ఏటవాలుగా రావాలి.

పొద్దున, సాయంత్రం తప్ప ఫొటోలు తీయకూడదన్న సూత్రం ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. తూర్పు ముఖం గోడకు ఉదయం ఎండ ఎదురుగా కొడుతుంది. మధ్యాహ్నం దగ్గరపడే కొద్దీ పైనుంచి జారుతూ వస్తుంది. చెక్కడాలు అప్పుడే లేచి కనిపిస్తాయి. ఆ అదను సుమారు గంటసేపే. పడమటి గోడకు మధ్యాహ్నం దాటగానే అదే అదను వస్తుంది. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు గోడకు చలికాలంలో నేరుగా ఎండే పడదు, దానికి పలచని మబ్బు పట్టిన రోజు మేలు. బయల్దేరే ముందే ఉపగ్రహ మ్యాపులో కట్టడం ముఖం ఎటుందో చూసుకుని, ఏ చోటికి ఎప్పుడు చేరాలో నిర్ణయించుకోండి.

సున్నం గోడ బూడిద రంగులో పడింది

కెమెరా మీటరు దేన్నయినా మధ్యస్థపు బూడిద ఛాయకు లాగుతుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే వెలుతురును) 1 స్టాప్, అంటే రెట్టింపుకు, పెంచండి. నల్లరాతికి దీనికి తలకిందులు, 1 స్టాప్ వరకు తగ్గించండి.

లోపల అంతా చీకటి, కిటికీ మాత్రం తెల్లగా కాలిపోయింది

లోపలికీ బయటికీ వెలుతురు తేడా సెన్సర్ ఒక్క ఫొటోలో పట్టగలిగిన దానికంటే ఎక్కువ. ట్రైపాడ్ మీద, రా ఫైలుగా (కెమెరా సవరించని ముడి ఫైలు), ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 100 దగ్గర, 2 స్టాపుల తేడాతో మూడు ఫొటోలు తీసి కలపాలి. మార్చాల్సింది షట్టర్ వేగం ఒక్కటే. అపర్చర్ (లెన్స్ రంధ్రం) మారితే ఫోకస్ లోతు మారి ఫొటోలు సరిగా అతకవు. ట్రైపాడ్‌కు అనుమతి లేనిచోట కెమెరాను స్తంభానికి గట్టిగా ఆనించి, బ్రాకెటింగ్ (వేర్వేరు ఎక్స్‌పోజర్లతో కెమెరాయే తీసే అమరిక) పెట్టి వరుసగా తీయండి.

చాలాసార్లు ఇంత శ్రమ అక్కర్లేదు. కిటికీ ఫ్రేములోకి రాకుండా పక్కకు జరిగి, దాని వెలుతురు నేల మీద, స్తంభాల మీద ఎలా పడుతోందో అది తీయండి. ఆ గది ఎలా ఉంటుందో అదే బాగా చెబుతుంది.

కంటికి గొప్పగా కనిపించిన కొండ ఫొటోలో చిన్నదైపోయింది

వైడ్ లెన్స్ (తక్కువ ఎంఎంతో ఎక్కువ వెడల్పు పట్టేది) వల్ల. 70 నుంచి 135 ఎంఎం మధ్యకు మారండి. రెండు మీటర్ల లోపు ముందు భాగంలో చూడదగ్గది ఏదైనా ఉంటేనే వైడ్ వాడాలి. అప్పుడు ముందూ వెనకా రెండూ స్పష్టంగా రావాలంటే అపర్చర్ ఎఫ్/22 దాకా పోనక్కర్లేదు (ఎఫ్ పక్కన సంఖ్య పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అంత చిన్న రంధ్రం దగ్గర డిఫ్రాక్షన్ (వెలుతురు రంధ్రం అంచున వంగి చెదరడం) వల్ల ఫొటో అంతా మెత్తబడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 24 ఎంఎం, ఎఫ్/8 పెట్టి 2.4 మీటర్ల దూరాన ఫోకస్ చేస్తే 1.2 మీటర్ల నుంచి దిగంతం వరకు సరిపడా స్పష్టత వస్తుంది.

దూరపు పొలాలు పాలిపోయి, అలల్లా కదిలినట్టు ఉన్నాయి

పాలిపోవడానికి కారణం గాల్లోని తేమ, దుమ్ము. పోలరైజర్ (లెన్స్ ముందు తిప్పే ఫిల్టర్) కొంత తగ్గిస్తుంది, అదీ సూర్యుడికి 90 డిగ్రీల పక్కన చూస్తున్నప్పుడే ఎక్కువ. వెలుతురు 1 నుంచి 2 స్టాపులు తగ్గుతుందని గుర్తుంచుకుని షట్టర్ వేగం చూసుకోండి. అలలకు కారణం వేరు, నేల కాగి లేచే వేడిగాలి. దానికి ఏ ఫిల్టరూ పనిచేయదు. టెలీ లెన్స్‌తో తీసే దూరపు ఫొటోలు పొద్దున్నే ముగించి, ఎండ ముదిరాక దగ్గరి వస్తువులకు మళ్లండి.

మొదటి ఫొటోలన్నీ మంచు కప్పినట్టు వచ్చాయి

ఏసీ కారులోంచి తేమగాలిలోకి తీసిన చల్లటి లెన్స్ మీద ఆవిరి పట్టింది. తుడిచినా మళ్లీ పడుతుంది. దిగడానికి ఓ ఇరవై నిమిషాల ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి, లేదా మూసిన సంచిలోనే కెమెరాను బయటి వేడికి అలవాటు పడనివ్వండి. ఆవిరి పూర్తిగా పోయేదాకా లెన్స్ మాత్రం మార్చొద్దు, తేమ సెన్సర్ దాకా చేరుతుంది.