ఐఎన్ఆర్ చూసి డోసు మార్చే ముందు: పీహెచ్‌సీ సిబ్బందికి

తిరుపతి స్విమ్స్‌లో గుండె వాల్వు మార్పించుకుని పలమనేరు, కుప్పం వైపు పల్లెలకు తిరిగొచ్చినవాళ్ల ఎసిట్రోమ్, వార్ఫరిన్ అనే రక్తం పలచబరిచే మాత్రలను నెలనెలా చూడాల్సింది దగ్గర్లోని పీహెచ్‌సీనే. మాత్ర చాలకపోతే వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది. ఎక్కువైతే కడుపులోనో మెదడులోనో రక్తస్రావం అవుతుంది.

రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే అంకె ఐఎన్ఆర్; అది పెరిగితే రక్తం మరీ పలచబడినట్టు. మాత్ర ఎందుకు వాడుతున్నారో, ఐఎన్ఆర్ ఎంత ఉండాలో రోగి పుస్తకం అట్ట మీదే రాయండి. కాలి సిరలో గడ్డకైనా, గుండె లయ తప్పినందుకైనా సాధారణంగా 2–3. మైట్రల్ స్థానంలో (గుండె ఎడమ వైపు పై, కింది గదుల మధ్య) లోహపు వాల్వు ఉంటే 2.5–3.5. అందుకే 3.4 ఒకరికి ఎక్కువ, మరొకరికి సరిపోయినట్టే.

రక్తం తీసేటప్పుడు నీలి మూత ట్యూబు గీత దాకా నిండాలి. 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్ (ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ద్రవం) అన్నది లెక్క. సగమే నింపితే ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె నమ్మి డోసు తగ్గిస్తే ప్రమాదం వాల్వుకే.

అంకె తప్పిందంటే ముందు కారణం అడగండి. ఎన్ని మాత్రలు మిగిలాయో అట్ట విప్పి లెక్కపెట్టండి. విరేచనాలకు మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు కోట్రైమాక్సజోల్, తామరకు ఫ్లూకోనజోల్ వాడితే ఐఎన్ఆర్ పెరుగుతుంది. టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే బాగా పడిపోతుంది. వరసగా ఉపవాసాలున్నా పెరగొచ్చు. మునగాకు, తోటకూర మానమనక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినమనండి.

ఎప్పుడూ నిలకడగా ఉండే మనిషికి ఒక్కసారి 0.5 లోపు తేడా వస్తే అదే డోసు ఉంచి, 1–2 వారాల్లో మళ్లీ చూడండి. మార్చాల్సి వస్తే వారం మొత్తం మీద 5–20 శాతమే మార్చండి. రోజుకు 3 మి.గ్రా. అంటే వారానికి 21. పది శాతం పెంచాలంటే సోమ, శుక్రవారాల్లో 4, మిగతా రోజుల్లో 3: మొత్తం 23. లోహపు వాల్వు ఉండి ఐఎన్ఆర్ తగ్గితే అదే రోజు గుండె డాక్టరుకు ఫోన్ చేయండి.

ఐఎన్ఆర్ 4.5 దాటి 10 లోపుంటే, రక్తస్రావం లేకపోతే ఒకటి రెండు డోసులు ఆపి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పరీక్షించండి. 10 దాటితే పెద్ద డాక్టరుతో మాట్లాడి నోటి ద్వారా విటమిన్ కె ఇవ్వాలి. నల్లటి మలం, వాంతిలో రక్తం, తలకు దెబ్బ, కొత్తగా తీవ్రమైన తలనొప్పి ఉంటే అంకె కోసం ఆగకుండా 108 పిలవండి.

మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ వద్దు, పారాసిటమాల్ తక్కువ మోతాదులో ఇవ్వండి. తుంటి కండకు సూది అసలే వద్దు, లోపల రక్తం గూడుకట్టి కాలు కదపలేకుండా అవుతుంది. ఊళ్లో ఇంజక్షన్ అడిగే అలవాటు ఎక్కువ కాబట్టి ఈ మాట ఇంట్లోవాళ్లకూ చెప్పాలి. కొండ మీద తలనీలాలు ఇవ్వడానికి మాత్ర ఆపక్కర్లేదు. గాటు పడితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి.

ఒక పూట మరిచిపోతే అదే రోజు వేసుకోవచ్చు, మర్నాడు రెండు కలిపి వద్దు. నెల తప్పిన స్త్రీని ఆ రోజే గుండె డాక్టరు దగ్గరికి పంపండి. గర్భం 6–12 వారాల్లో ఈ మాత్ర బిడ్డకు హాని చేస్తుంది, కానీ సొంతంగా ఆపేస్తే తల్లి ప్రాణానికే ముప్పు.

లోహపు వాల్వు టిక్కుటిక్కు ప్రతి రోగికీ తెలుసు. “ఆ చప్పుడు వినబడటం లేదు, ఆయాసంగా ఉంది” అన్నారంటే అది వాల్వు గడ్డకట్టి ఉండొచ్చన్న కబురు. వరసలో కూర్చోబెట్టకండి.