వలస జిల్లాల్లో ప్రైవేటు విశ్వవిద్యాలయం: స్థాపించదలచిన వారికి సూచనలు

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ప్రైవేటు విశ్వవిద్యాలయం పెట్టాలని ముందుకు వచ్చే వారు మొదట భూమి గురించి, ఆ తరువాత భవనాల గురించి అడుగుతారు. అందులో చదవబోయే పిల్లల సంగతి నక్షాలు గీయడం పూర్తయిన తరువాత గాని చర్చకు రాదు. ఈ వరుసను తిరగవేయాలన్నదే నా మొదటి సూచన.

దరఖాస్తు పెట్టడానికి ముందు ఒక విద్యా సంవత్సరమంతా దేవరకొండ, అచ్చంపేట, కొడంగల్, మక్తల్ వంటి చోట్ల ఉన్న ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు వెళ్లి, నిరుడు ఇంటర్ పూర్తి చేసిన వారిలో ఎవరు ఎక్కడ చేరారో, ఎవరు చదువు మానేశారో, ఎందుకు మానేశారో పేరుపేరునా రాసుకోవాలి. దేవరకొండ వైపు ఒక తండాలో బైపీసీ మంచి మార్కులతో పాసైన అమ్మాయిని డిగ్రీలో ఎందుకు చేరలేదని అడిగాను. "అమ్మ, నాయిన పుణెకు పనికి పోయిండ్రు సార్, తమ్ముడు బడికి పోతడు, వాణ్ని ఎవరు చూస్తరు?" అంది. ఫీజు మాట ఆమె ఎత్తనే లేదు. సాయంత్రం ఆరు లోపు ఊరికి చేర్చే బస్సు ఉంటే ఆమె చదివేది. ఇలాంటి జవాబులు రెండు మూడు వందలు చేతికి వస్తే తరగతుల వేళలు, వసతి గృహాల సంఖ్య, పెట్టవలసిన కోర్సులు వాటంతట అవే తేలుతాయి.

ఇక చట్టం సంగతి. డిగ్రీ ఇచ్చే అధికారం భవనాలతో గాని, ప్రకటనలతో గాని రాదు. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం కేంద్ర చట్టం ద్వారా గాని, రాష్ట్ర చట్టం ద్వారా గాని ఏర్పడిన విశ్వవిద్యాలయానికి, డీమ్డ్ హోదా (విశ్వవిద్యాలయంతో సమాన హోదా) పొందిన సంస్థకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థకు మాత్రమే ఆ హక్కు ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నాటి చట్టాన్ని ఆసరా చేసుకుని వందకు పైగా విశ్వవిద్యాలయాలు కేవలం నోటిఫికేషన్లతో పుట్టుకొస్తే, శాస్త్రవేత్త, యూజీసీ మాజీ ఛైర్మన్ యశ్‌పాల్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును కొట్టివేసింది. ఆ చిక్కులో పడ్డ విద్యార్థులను తలచుకుంటే ఈ దశలో తొందర ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. తెలంగాణలో 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. సొసైటీ, ట్రస్టు, లేదా లాభాపేక్ష లేని కంపెనీ ప్రాయోజక సంస్థగా ఉండి ప్రాజెక్టు నివేదికతో దరఖాస్తు చేయాలి. పరిశీలన ముగిసి, షరతులు నెరవేరి, చట్టం షెడ్యూలులో పేరు చేరే వరకు ఒక్క విద్యార్థిని కూడా చేర్చుకోకూడదు. యూజీసీ 2003 నిబంధనల ప్రకారం రాష్ట్ర ప్రైవేటు విశ్వవిద్యాలయం ఇతర కళాశాలలకు అనుబంధ గుర్తింపు ఇవ్వడానికి వీల్లేదు. కనుక మండలానికొక కళాశాలను కలుపుకుపోదామన్న ఆలోచన మొదటే మానుకోవాలి. 2020లో తొలి విడతగా అనుమతి పొందిన ఐదింటిలో ఒక్కటీ పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో లేదు.

భూమి దగ్గర ఎక్కువ కాలం పడుతుంది, పట్టనివ్వాలి కూడా. ఒకే చోట, ఒకే గెట్టులో, కోర్టు వివాదం లేని భూమి కావాలి. పాసుపుస్తకం చూసి తృప్తి పడకుండా పాత పహాణీలు (ఏటా సాగు, స్వాధీనం వివరాలు రాసే రెవెన్యూ పత్రాలు) తీయించాలి. లావణి పట్టా భూమిని, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని కొనడం 1977 చట్టం ప్రకారం నిషేధం. భూదాన భూమిని గాని, చెరువు శిఖాన్ని (చెరువు నిండితే నీరు నిలిచే నేలను) గాని ముట్టుకోకూడదు. సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకుని చేతులు మారిన భూమి అయితే అది క్రమబద్ధం అయ్యేదాకా బయానా కూడా ఇవ్వవద్దు. అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూ బదలాయింపు చెల్లదు. మేము కల్వకుర్తి వైపు ఒక భూమి చూడడానికి వెళ్లిన రోజు కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. గొర్రెలు మేపుకుంటున్న ఒక పెద్దాయన తన కర్రతో నేల మీద గీత గీసి, "కాలమైతే ఈడిదాంక నీళ్లొస్తయి సారూ" అన్నాడు. సర్వేయరును పిలిపించి కొలిపిస్తే ఆరెకరాల పదహారు గుంటలు కుంట శిఖంలోకి వచ్చాయి. అందుకే వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి భూమి చూడాలని, చుట్టుపక్కల రైతులను తప్పక అడగాలని చెబుతాను.

నీటిని వేరుగా పరీక్షించాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎముకలను వంచి తరతరాలను పీడించింది. మిషన్ భగీరథ తాగునీటి పథకం నీరు ఊళ్లకు చేరినా, వేల మంది ఉండే ప్రాంగణానికి ఎంత నీరు కేటాయిస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. బోరు నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీటిని వంటకు కూడా వాడనివ్వకూడదు.

డబ్బు విషయంలో చట్టం కోరే శాశ్వత నిధిని జమ చేస్తే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. తొలి బ్యాచ్ పట్టా తీసుకునే దాకా, అంటే నాలుగైదేళ్లు, ఒక్క రూపాయి ఫీజు రాకపోయినా జీతాలు ఇవ్వగలిగే నిధి విడిగా ఉండాలి. విద్యార్థుల తరఫున ప్రభుత్వం చేసే బోధన రుసుముల చెల్లింపు మీద ఆశ పెట్టుకుని బడ్జెట్ వేయవద్దు. ఆ బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగే కళాశాలలు ఈ జిల్లాల్లోనే ఎన్నో ఉన్నాయి. భవనం ఒక అంతస్తు తగ్గినా ఫరవాలేదు, జీతం ఒక నెల ఆగితే హైదరాబాదు నుంచి వచ్చిన అధ్యాపకుడు మరుసటి ఏడాది ఉండడు. అధ్యాపకులకు ప్రాంగణంలోనే ఇళ్లు, వారి పిల్లలకు దగ్గరలో మంచి బడి లేకపోతే వారు రోజూ కారులో వచ్చి మూడింటికే బయలుదేరుతారు.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడున్న కోర్సులనే ఎక్కువ ఫీజుకు పెట్టడం వల్ల ఈ ప్రాంతానికి ఒరిగేది లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లులు, నల్లగొండ బత్తాయి తోటలు, కొల్లాపూర్ మామిడి, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాలు, జడ్చర్ల పోలేపల్లి ఔషధ పరిశ్రమలు చేతికందే దూరంలో ఉన్నప్పుడు ఆహార శుద్ధి, వస్త్ర రూపకల్పన, ఔషధ తయారీ, నీటి నిర్వహణ కోర్సులతో మొదలుపెట్టడం మేలు. మూడు నాలుగు విభాగాలు చాలు.

తొలి ప్రవేశ ప్రకటన వెలువడే ముందు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. మీరు పేర్లు రాసుకున్న పుస్తకంతో ఆర్టీసీ డిపో మేనేజరును కలిసి, ఏ ఊరి నుంచి ఎందరు వస్తారో చూపించి, ఉదయం, సాయంత్రం బస్సులు అడగండి. ఏ దారిలో బస్సు వేయడం వీలుకాదని ఆయన అంటే ఆ దారికి విశ్వవిద్యాలయం సొంత బస్సును ముందుగా కొనండి, ముఖద్వారం కమాను తరువాత కట్టించవచ్చు.