బుధవారం పొద్దున అప్‌డేట్ ఎక్కడ ఆగింది?

మైక్రోసాఫ్ట్ నెలవారీ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. అక్కడ పశ్చిమ తీరంలో ఉదయం పది అంటే మనకు అదే రోజు రాత్రి 10:30, వాళ్ల గడియారం మారే చలికాలంలో 11:30. అందుకే హైదరాబాద్‌లో డెస్క్‌టాప్ సపోర్ట్ చూసేవాళ్లకి అసలు పని బుధవారం పొద్దున మొదలవుతుంది. మాదాపూర్‌లో నేను చూసే సిస్టమ్స్ దాదాపు నాలుగు వందలు. వాటిలో సగం రాత్రి షిఫ్టువి.

"అప్‌డేట్ ఫెయిల్ అయింది" అని టికెట్ వస్తే దాన్ని అలాగే పట్టుకుని మొదలుపెట్టకండి. స్కాన్‌లో (ఏ అప్‌డేట్లు కావాలో వెతికే దశ) ఆగిందా, డౌన్‌లోడ్‌లోనా, ఇన్‌స్టాల్‌లోనా, రీస్టార్ట్ దగ్గరా? ముందు అది తేల్చండి. చాలామంది చెయ్యి నేరుగా, విండోస్ దింపుకున్న అప్‌డేట్లు ఉండే సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ మీదికే పోతుంది. అది తీసేస్తే అప్‌డేట్ హిస్టరీ పోతుంది, దింపుకున్న ఫైళ్లన్నీ మళ్లీ దించాలి, ప్రతి సిస్టమ్, ఆఫీసులో అప్‌డేట్లు పంచే డబ్ల్యూసస్ సర్వర్‌ని మొదటి నుంచి స్కాన్ చేస్తుంది. ఒక సిస్టమ్ అయితే ఫర్వాలేదు. యాభై సిస్టమ్స్‌లో ఒకేసారి చేస్తే ఉన్న సమస్యకి ఇంకోటి తోడవుతుంది. నా లెక్కలో అది చివరి మందు.

స్కాన్ తిరుగుతూనే ఉంది, కోడ్ 80244022

ఒకేసారి చాలా సిస్టమ్స్‌లో ఈ కోడ్ కనిపిస్తే క్లయింట్లని (ఉద్యోగుల సిస్టమ్స్‌ని) ముట్టుకోకండి. సర్వర్ "503, సేవ అందుబాటులో లేదు" అంటోందని దాని అర్థం. డబ్ల్యూసస్ సర్వర్‌లో ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) మేనేజర్ తెరిచి అప్లికేషన్ పూల్స్‌లో చూడండి, డబ్ల్యూసస్‌ని నడిపే డబ్ల్యూసస్‌పూల్ ఆగిపోయి ఉంటుంది. దాని ప్రైవేట్ మెమరీ పరిమితి మామూలుగా 18,43,200 కిలోబైట్లు, అంటే రెండు జీబీ కూడా లేదు. బుధవారం అందరూ ఒక్కసారి అడిగేసరికి అది నిండిపోయి పూల్ పడిపోతుంది. సర్వర్‌లో ర్యామ్ ఉంటే పరిమితిని పెంచండి, లేదా 0 పెట్టండి. 0 అంటే హద్దు లేదని. క్యూ లెంగ్త్ (వరుసలో ఆగగల రిక్వెస్టుల సంఖ్య) 1000 ఉంటుంది, 2000 చేయండి. పూల్‌ని స్టార్ట్ చేసి ఊరుకుంటే వచ్చే నెల మళ్లీ ఇదే కథ. కొత్తవి వచ్చాక పనికిరాకుండా పోయిన పాత అప్‌డేట్లని డిక్లైన్ చేయాలి, అంటే ఇక వద్దని సర్వర్‌కి చెప్పాలి. ఏళ్ల తరబడి ఎవరూ చేయని సర్వర్‌లో అవే భారం.

సిస్టమ్స్ ఉన్నాయి, కన్సోల్‌లో లేవు

ఇరవై కొత్త సిస్టమ్స్ పెట్టారు. డబ్ల్యూసస్ కన్సోల్‌లో ఒకటే కనిపిస్తుంది, కాసేపటికి దాని పేరు మారుతుంది. ఒకే ఇమేజ్ నుంచి సిస్‌ప్రెప్ (పాత సిస్టమ్ గుర్తులు చెరిపే విండోస్ టూల్) చేయకుండా క్లోన్ చేస్తే అన్నిటికీ ఒకే సస్‌క్లయింట్‌ఐడీ, అంటే సర్వర్ సిస్టమ్‌ని గుర్తుపట్టే ఐడీ, వస్తుంది. సర్వర్‌కి అవన్నీ ఒకటే మనిషి. విండోస్ అప్‌డేట్ సర్వీస్ ఆపి, రిజిస్ట్రీలో విండోస్‌అప్‌డేట్ కీ కింద ఉన్న సస్‌క్లయింట్‌ఐడీ, సస్‌క్లయింట్‌ఐడీవాలిడేషన్ రెండూ తీసేసి, సర్వీస్ మళ్లీ మొదలుపెట్టి స్కాన్ ఇవ్వండి.

డౌన్‌లోడ్ మొదలైతే ఆఫీసు మొత్తం స్లో

అప్‌డేట్లు డబ్ల్యూసస్ నుంచి కాక నేరుగా ఇంటర్నెట్ నుంచి దిగే చోట ఇది ఎక్కువ. పొద్దున తొమ్మిదిన్నరకి "నెట్ రావట్లేదు" అని ఫోన్లు. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ ఉన్నది ఇందుకే: ఒక సిస్టమ్ దించుకుంటే పక్క సిస్టమ్ దాని దగ్గర తీసుకుంటుంది. అది పని చేయట్లేదంటే మూడు చూడండి. సిస్టమ్స్ మధ్య 7680 టీసీపీ పోర్టు తెరిచి ఉందా? యాంటీవైరస్ ఫైర్‌వాల్ దాన్ని మూసేయడం నేను చాలాసార్లు చూశాను. వైఫై యాక్సెస్ పాయింట్లలో క్లయింట్ ఐసొలేషన్ ఆన్‌లో ఉందా? ఉంటే ఒకదానికొకటి కనిపించవు. ఇక మోడ్, అంటే ఏ సిస్టమ్స్ పంచుకోవాలో చెప్పే సెట్టింగ్. 1 పెడితే ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉన్నవన్నీ ఒక గుంపు. హైటెక్ సిటీ, సికింద్రాబాద్ శాఖలు రెండూ ఒకే ఐపీ నుంచి బయటికి పోతుంటే అక్కడి ఫైలు ఇక్కడికి మీ ఆఫీసు లింక్ మీదే వస్తుంది. అలాంటప్పుడు 2 పెట్టి, శాఖకో గ్రూప్ ఐడీ ఇవ్వండి.

ఇన్‌స్టాల్ ఫెయిల్, కోడ్ 80070643

ఇది "ఇన్‌స్టాల్ కాలేదు" అని మాత్రమే చెప్పే కోడ్. ఏ కేబీకి (మైక్రోసాఫ్ట్ అప్‌డేట్‌కి ఇచ్చే నంబర్) వచ్చిందో చూడకుండా ముందుకి పోవద్దు. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ 5034441కి ఇదే కోడ్ పడింది. అక్కడ తప్పు ఫైళ్లది కాదు, రికవరీ పార్టిషన్‌లో (విండోస్ బాగుచేసే టూల్స్ ఉండే డిస్క్ భాగం) చోటు లేకపోవడం. దానికి 250 ఎంబీ ఖాళీ కావాలి. రికవరీని డిసేబుల్ చేసి, సీ డ్రైవ్‌ని 250 ఎంబీ తగ్గించి, రికవరీ పార్టిషన్ మళ్లీ కట్టి, ఎనేబుల్ చేయాలి. బిట్‌లాకర్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ చేతిలో పెట్టుకున్నాకే పార్టిషన్ ముట్టుకోండి. అదే కోడ్ డాట్‌నెట్ అప్‌డేట్‌కి వస్తే దారి వేరు, డాట్‌నెట్ రిపేర్ టూల్‌తో మొదలుపెట్టండి.

పని మధ్యలో రీస్టార్ట్

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది. రాత్రి రెండు గంటలకి టీమ్ లీడ్ ఫోన్ చేశాడు: "అన్నా, కస్టమర్ లైన్ల ఉండంగనే సిస్టమ్ బంద్ అయింది. పిల్ల ఏడుస్తుంది." ఆ అమ్మాయి చేరి వారం. ఇరవై నిమిషాలుగా రాసుకున్న నోట్స్ పోయాయి.

కారణం మా పాలసీలోనే ఉంది. యాక్టివ్ అవర్స్, అంటే విండోస్ తనంతట తాను రీస్టార్ట్ చేయని గంటలు, అందరికీ పొద్దున 8 నుంచి సాయంత్రం 5. విండోస్ దృష్టిలో రాత్రి రెండు అంటే ఖాళీ సమయం, మా ఫ్లోర్‌లో అది నిండు పని వేళ. రాత్రి షిఫ్టు సిస్టమ్స్‌ని వేరే గ్రూపులో పెట్టి సాయంత్రం 5 నుంచి పొద్దున 7 దాకా యాక్టివ్ అవర్స్ ఇచ్చాం. పద్దెనిమిది గంటల దాకా ఇవ్వొచ్చు.

అయినా తర్వాతి నెల నాలుగు సిస్టమ్స్ మళ్లీ షిఫ్టులోనే రీస్టార్ట్ అయ్యాయి. డెడ్‌లైన్ (అప్‌డేట్‌కి ఇచ్చిన గడువు), గ్రేస్ పీరియడ్ (రీస్టార్ట్‌కి ఇచ్చే అదనపు రోజులు) రెండూ దాటాక విండోస్ యాక్టివ్ అవర్స్‌ని లెక్కచేయదు. డెడ్‌లైన్ పెంచితే సరిపోదు, అసలు అవి పగలు ఎందుకు రీస్టార్ట్ కాలేదో చూడాలి. ఒక పొద్దున ఏడింటికి ఫ్లోర్‌లోనే నిలబడ్డాను. షిఫ్టు దిగాక హౌస్‌కీపింగ్ అక్క ఊడ్చుకుంటూ వచ్చి, చివరి వరుసలో డెస్కుల కింద స్విచ్‌లన్నీ ఒక్కొక్కటే ఆపేసింది. కరెంటు బిల్లు కోసం ఎవరో ఎప్పుడో చెప్పారట. ఆ నాలుగూ ఆ వరుసవే. పగలంతా వాటికి కరెంటే లేదు.

అడ్మిన్ వాళ్లతో మాట్లాడి ఆ వరుస స్విచ్‌బోర్డుల మీద తెలుగులో చీటీలు అంటించాం: "బుధ, గురువారం స్విచ్ ఆపవద్దు." డెడ్‌లైన్ మూడు రోజులు, గ్రేస్ రెండు రోజులు ఉంచాం. ఆ వరుసలో షిఫ్టు మధ్య రీస్టార్ట్ మళ్లీ రాలేదు.