కీచైన్ చాకుతో తిప్పలు: లోపం ఎక్కడుంది, సరైనది ఎలా ఎంచుకోవాలి

చాకు కొనేటప్పుడు అందరం బ్లేడు తెరిచి, వేలితో పదును చూసి తీసేసుకుంటాం. కానీ తాళాల గుత్తికి వేలాడే చాకు రోజులో ఏ నిమిషమో తెరుచుకుంటుంది, మిగతా సమయమంతా మూసే ఉంటుంది. తాళాలతో రాసుకుంటూ, చెమటలో, దుమ్ములో గడుపుతుంది. అందుకే దాని జబ్బులు ఎక్కువగా కీలులోనో, స్ప్రింగులోనో, రింగులోనో మొదలవుతాయి. కొనేముందు చూడాల్సింది ముందు వాటినే.

సమస్య: జేబులో దానంతటదే తెరుచుకుంటోంది

అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఇదే. ఇంత చిన్న మడత చాకుల్లో చాలావాటికి లాకు ఉండదు. పిడి వీపున ఉండే స్ప్రింగు నొక్కి పట్టుకుంటేనే బ్లేడు లోపల ఆగుతుంది. స్ప్రింగు బలహీనంగా ఉన్నా, ఒంటి చేత్తో తెరవడానికి బ్లేడు మీద బొడిపె లాంటిది పెట్టినా, ఏదో ఒక తాళం దానికి తగులుకుని బ్లేడును బయటికి లాగుతుంది.

కొనేముందు బ్లేడును కొంచెం పైకి లేపి వదిలేయండి. టక్కుమని లోపలికి పోవాలి. ఆ ‘టక్’ వినపడకుండా బ్లేడు మధ్యలో బద్ధకంగా ఆగిపోతే, ఎంత అందమైన చాకైనా వద్దు. తర్వాత రింగు పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. గుత్తికి బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి తెరిచే రకమే మేలు. ఇప్పటికే కొన్న చాకులో స్ప్రింగు వదులైతే ఇంట్లో బాగుచేయలేం. గుత్తి నుంచి తీసి సొరుగులో పెట్టేయండి.

సమస్య: తెరవబోతే గోరు విరిగేలా ఉంది

కొత్త చాకైతే వాడే కొద్దీ కాస్త వదులవుతుంది. పాతది బిగుసుకుందంటే కీలులో జేబు నూగు, దుమ్ము చేరినట్టే. గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి, చాకును ముంచి, నీళ్లలోనే పదిసార్లు తెరిచి మూయండి. నల్లటి మడ్డి దారంలా బయటికి వస్తుంది. శుభ్రంగా ఆరబెట్టి, బ్లేడు స్ప్రింగును తాకే చోట ఒకే ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ వేయండి. పండ్లు కోసే చాకైతే ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ వాడాలి. వంటనూనె మాత్రం వద్దు. కొన్నాళ్లకు అది బంకలా మారి కీలును ఇంకా బిగించేస్తుంది.

సమస్య: బ్లేడు అటూ ఇటూ ఊగుతోంది

డబ్బా మూత లేపడానికో, మేకు పీకడానికో వాడి ఉంటారు. స్క్రూ ఉన్న చాకైతే కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ తెరిచి చూడండి. రివెట్ (విప్పడానికి వీల్లేకుండా కొట్టి బిగించిన మేకు) రకమైతే సుత్తి పట్టుకోకండి, ఒక్క దెబ్బ ఎక్కువైతే బ్లేడు కదలదు. మూతలు లేపే పని తరచూ ఉంటే, గుత్తికి చిన్న ఇనుప పట్టీ ఒకటి విడిగా తగిలించుకోండి.

సమస్య: పదును నిలవడం లేదు

అందరూ తప్పంతా స్టీలు మీద వేస్తారు. పింగాణీ పళ్లెంలో పెట్టి కోస్తే ఏ స్టీలైనా మొద్దుబారుతుంది. అట్టపెట్టెలు కూడా పదునును బాగా తినేస్తాయి. ఉదాహరణకు, స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ వాళ్ల కీచైన్ చాకు క్లాసిక్ ఎస్‌డీ మూసినప్పుడు 58 మిల్లీమీటర్లే. అందులోని స్టీలు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో సుమారు 56. 60 దాటిన స్టీలు పదును ఎక్కువ కాలం నిలుపుతుంది. కానీ సానపట్టడం కష్టం, మొరటుగా వాడితే అంచు పెచ్చులూడుతుంది. ఇంత చిన్న చాకుకు మెత్తటి స్టీలే నాకు ఇష్టం, చటుక్కున పదునెక్కుతుంది కాబట్టి.

సానరాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు ఉంటుంది. దాన్ని తడిపి, బ్లేడును 15 నుంచి 20 డిగ్రీల వాలులో పెట్టి, సన్నటి పొర చెక్కుతున్నట్టు అంచు ముందుకు ఉండేలా లాగండి. ఒకసారి ఇటు, ఒకసారి అటు, బరువు వేయకుండా. కప్పు మీద బూడిదరంగు గీతలు పడుతున్నాయంటే స్టీలు అరుగుతున్నట్టే.

సమస్య: తుప్పు చుక్కలు

స్టెయిన్‌లెస్ అన్నంత మాత్రాన తుప్పు అసలు పట్టదని కాదు. చెమట ఉప్పు చాలు. పులుపు కోసిన వెంటనే కడిగి తుడవండి. ఇంకా త్వరగా తుప్పుపట్టే కార్బన్ స్టీలు చాకును గుత్తికి తగిలించకండి.

సమస్య: పిడి పైరేకు ఊడిపోతోంది

ప్లాస్టిక్ రేకును తాళాలు రోజూ కొడుతుంటే బీటలు వారుతుంది. అల్యూమినియం పిడి గీతలు పడుతుందేమో గానీ పగలదు. అయితే పైన చెప్పిన 58 మిల్లీమీటర్ల క్లాసిక్ చాకునే అల్యూమినియం పిడితో కొంటే, ప్లాస్టిక్ పిడిలో దూర్చి ఉండే పళ్లపుల్ల, పట్టకారు రావు. పట్టకారు తరచూ వాడేవాళ్లు ప్లాస్టిక్ పిడితోనే సర్దుకోవాలి.

సమస్య: చాకే మాయమైంది

రింగు కన్నం ప్లాస్టిక్‌లో కాక, లోపలి ఇనుప పలకలోంచి వచ్చి ఉండాలి. రింగు రెండు చుట్ల మధ్య గోరు సులువుగా దూరుతుంటే అది సాగిపోయిందన్నమాట, వెంటనే మార్చండి.

విమానాశ్రయంలో పోగొట్టుకునేవాళ్లూ తక్కువేం కాదు. చేతి సంచీ తనిఖీలో నా చాకు ఒకటి అలాగే పోయింది. గుత్తికి ఉందన్న సంగతే నాకు గుర్తులేదు. అప్పటినుంచి చాకును నేరుగా తాళాల రింగుకి ఎక్కించకుండా, నొక్కితే విడిపోయే చిన్న కొక్కేనికి తగిలిస్తున్నాను. ప్రయాణం ముందురోజు రాత్రే దాన్ని విడదీసి ఇంట్లో పెట్టేస్తాను.