థీమ్ ఉన్న రోల్‌ప్లేయింగ్ పాత్రకు క్లాస్ ఎలా ఎంచుకోవాలి?

ముందు పాత్ర ఎవరో రెండు వాక్యాల్లో రాసుకోండి. అందులో క్లాస్ (పాత్ర ఆటలో ఏం చేయగలదో నిర్ణయించే రకం) పేరు రానివ్వకండి. ఉదాహరణకు: "తుఫానులో ఓడ మునిగినా బతికి బయటపడిన నావికురాలు. అప్పటి నుంచి ఆమెకు కోపం వస్తే ఆకాశం ఉరుముతుంది." ఇందులో ఆటలో కనబడి తీరాల్సినవి రెండే: సముద్రం, పిడుగు.

ఇప్పుడు ఆ రెండూ ఎక్కడ దొరుకుతాయో వెతకండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట 2014 నిబంధనలనే తీసుకుందాం. సముద్రం కోసం క్లాస్ జోలికి వెళ్లక్కర్లేదు. సెయిలర్ బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గత జీవితం) తీసుకుంటే అథ్లెటిక్స్, పర్సెప్షన్ నైపుణ్యాలతో పాటు ఓడ నడపడం కూడా వచ్చేస్తుంది. ఏ క్లాస్‌కైనా అది సరిపోతుంది. క్లాస్ చూడాల్సింది పిడుగు సంగతి ఒక్కటే.

పిడుగు అనగానే చాలామంది సోర్సరర్ (తనలోనే మంత్రశక్తి ఉన్న మాంత్రికుడు) వైపు చూస్తారు. నన్నడిగితే టెంపెస్ట్ డొమైన్ క్లెరిక్ (తుఫాను దేవతను కొలిచే పూజారి) ఇంకా బాగుంటుంది: ఉరుములు మెరుపులతో పాటు బరువైన కవచం, గాయాలు మాన్పే మంత్రాలు కూడా ఉంటాయి. ప్రకృతి మంత్రాలు వేసే డ్రూయిడ్‌కు 5వ లెవెల్‌లో పిడుగు రప్పించే కాల్ లైట్నింగ్ మంత్రం అందుతుంది. ఈ ముగ్గురిలో ఎవరు? పోరాటంలో మీ వంతు వచ్చినప్పుడు ఏం చేయాలని ఉందో ఆలోచించండి. ముందు వరుసలో నిలబడి కొట్టాలా, దూరం నుంచి మంత్రాలు వేయాలా? పాత్ర కథ ఎంత బాగున్నా, ఆడేటప్పుడు బోర్ కొట్టే క్లాస్‌తో ఎక్కువ రోజులు నెట్టుకురాలేరు.

మీకు నచ్చిన క్లాస్ థీమ్‌కు కాస్త దూరంగా ఉంటే వర్ణన మార్చండి. వార్‌లాక్ (అతీత శక్తితో ఒప్పందం చేసుకున్న మాంత్రికుడు) వేసే ఎల్‌డ్రిచ్ బ్లాస్ట్ మంత్రాన్ని ఉప్పుగాలి దెబ్బగా చెప్పొచ్చు. వేసే పాచికలు అవే, నష్టమూ అంతే. అయితే ఆ మంత్రం చేసే ఫోర్స్ రకం డ్యామేజ్‌ను మెరుపు డ్యామేజ్‌గా మార్చడం నిబంధనను మార్చడమే, దానికి డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) ఒప్పుకోవాలి.

మల్టీక్లాస్ (ఒకే పాత్రకు రెండు క్లాసులు కలపడం) గురించి చివర్లోనే ఆలోచించండి. రెండు క్లాసులకూ ముఖ్యమైన సామర్థ్యాల్లో కనీసం 13 ఉండాలి. ఫైటర్, సోర్సరర్ కలపాలంటే స్ట్రెంగ్త్ లేదా డెక్స్‌టెరిటీ 13, కరిస్మా 13. అసలు నష్టం 5వ లెవెల్‌లో తెలుస్తుంది. ఫైటర్ 3, సోర్సరర్ 2గా పంచుకున్నవారికి ఆ లెవెల్‌లో ఫైటర్‌కు వచ్చే రెండో దెబ్బా రాదు, సోర్సరర్‌కు వచ్చే మూడో స్థాయి మంత్రాలూ రావు. ఆట అయిదారు లెవెల్స్‌తో ముగిసేలా ఉంటే ఒకే క్లాస్‌లో ఉండిపోవడం మేలు.

ఇంత చూసుకున్నా తేల్చుకోలేకపోతే ఒకటి ఎంచుకుని మొదలుపెట్టండి. నచ్చకపోతే మొదటి కొన్ని సెషన్లలో మార్చుకోవచ్చా అని డీఎంను ముందే అడిగి ఉంచండి.