కొండదారిలో మన బండి – 3వ పాఠం: దిగడం

పోయిన పాఠంలో టైర్ల గాలి చూసుకున్నాం. ఈసారి బండిని తిరుమల నుంచి కిందికి దించుదాం.

ఎక్కేది 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి మొదటిది. ఎక్కేటప్పుడు ఇంజన్ మూలుగుతుంటే అందరికీ టెన్షనే. దిగేటప్పుడు బండి హాయిగా జారిపోతుంటుంది. నాకు భయం వేసేది ఆ హాయిని చూసే. ఓసారి ఇలాగే దిగుతుంటే వెనక సీట్లోంచి మా పిన్ని, "ఏదో మాడుతోందిరా" అంది. మాడుతున్నవి మా బ్రేక్ ప్యాడ్లు.

నిండా జనం, సామాను, లడ్డూ సంచులు. కొండ పొడుగునా పెడల్ మీద కాలు ఆనించే ఉంచితే ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిల్‌కి ఆ హద్దు 140 డిగ్రీలే. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి, మన కాలి బలమంతా వాటిని నొక్కడానికే సరిపోతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. మామూలుగా రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించమనేది ఇందుకే. నిమ్మకాయలు తొక్కించడం మాత్రం ఎవరూ మర్చిపోరు!

ఆ వాలు ఏ గేరులో ఎక్కుతుందో ఆ గేరులోనే దించండి, ఎక్కువగా రెండో గేరు. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. వాలు మొదలవకముందే వేయాలి. మలుపు ముందు బ్రేకు గట్టిగా నొక్కి, వేగం తగ్గాక వదిలేయండి. ఆటోమేటిక్ అయితే 'ఎల్' (లో గేరు) లేదా మాన్యువల్ మోడ్.

న్యూట్రల్‌లో దించితే పెట్రోలు మిగులుతుందనేది పాత లెక్క. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లు గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే ఇంధనాన్ని దాదాపు ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఖర్చు. ఇంజన్ ఆపేశారా, బ్రేకు పెడల్ గట్టిపడి నొక్కడం కష్టమవుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

మాడు వాసన వస్తే వెడల్పు చోట ఆపి, గేరులో ఉంచి, చక్రానికి రాయి పెట్టండి. అరగంట ఆగండి. డిస్కుల మీద నీళ్లు పోయొద్దు.

అభ్యాసం: ఇంటి ముందు, ఇంజన్ ఆపి, పెడల్‌ని గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగిందా? అయితే బూస్టర్, అంటే మన కాలి నొక్కుడుకి బలం కలిపే భాగం, పనిచేస్తోంది. దిగకపోతే కొండ సంగతి తర్వాత, ముందు మెకానిక్ దగ్గరికి.